పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి: కాటెకోలమిన్ల రక్తపరీక్ష సరిగ్గా చేయించుకోవడం ఎలా, రిపోర్టు చదవడం ఎలా

లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి, గుండె దడదడలాడి, దగ్గర్లో గోడో కుర్చీయో పట్టుకోకపోతే పడిపోతామేమో అనిపించేవాళ్లకు డాక్టర్లు రాసే పరీక్షల్లో ఇదొకటి. చీటీ మీద ‘ప్లాస్మా కాటెకోలమిన్స్, సుపైన్ అండ్ స్టాండింగ్’ అని ఉంటుంది. సుపైన్ అంటే వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు, స్టాండింగ్ అంటే నిలబడి ఉన్నప్పుడు. అంటే రక్తం రెండుసార్లు తీయాలన్నమాట. ఈ పరీక్ష చేసే గదిలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారే రక్తం తీసి పంపిన రిపోర్టు పట్టుకుని, అందులో నంబరు ఎక్కువుందనో తక్కువుందనో నెలల తరబడి టెన్షన్ పడి, చివరికి మా దగ్గరికి వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లకు మళ్లీ మొదట్నుంచీ చేయాల్సి వచ్చేది. ఆ అవస్థ మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ పరీక్షలో నంబరు ఒక్కటే ఉంటే దానికి విలువ లేదు. మనిషి ఏ భంగిమలో ఉన్నాడు, ఆ భంగిమలో ఎన్ని నిమిషాలు ఉన్నాడు, అప్పుడు బీపీ ఎంత, పల్స్ ఎంత, ఏ మందులు వాడుతున్నాడు, ఇవన్నీ పక్కన రాసి ఉంటేనే ఆ నంబరు నోరు విప్పుతుంది.

కొలిచేది దేన్ని?

కాటెకోలమిన్లు మూడు: డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్, ఎపినెఫ్రిన్. చివరి రెండింటినే నార్‌అడ్రినలిన్, అడ్రినలిన్ అని కూడా అంటారు. రిపోర్టులో ఏ పేరున్నా ఒకటే, కంగారు పడకండి. తిండిలోంచి వచ్చే టైరోసిన్ అనే అమైనో ఆమ్లంతో శరీరం డోపా తయారు చేసుకుంటుంది, డోపా నుంచి డోపమిన్, డోపమిన్ నుంచి నార్‌ఎపినెఫ్రిన్, దాన్నుంచి ఎపినెఫ్రిన్. ఎపినెఫ్రిన్ దాదాపు అంతా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. నార్‌ఎపినెఫ్రిన్ మాత్రం ప్రధానంగా సింపథెటిక్ నరాల కొసల నుంచి వస్తుంది. మన ప్రమేయం లేకుండా రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని పెంచే నరాలివి. ఈ నరాలు కబురు పంపేది నార్‌ఎపినెఫ్రిన్‌తోనేనని 1946లో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ చూపించాడు. బయటికి వదిలినదాన్ని ఆ నరమే మళ్లీ లోపలికి లాగేసుకుంటుందని తర్వాత జూలియస్ ఆక్సెల్‌రాడ్ కనిపెట్టాడు. 1970లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో వీళ్లిద్దరూ ఉన్నారు.

ఆక్సెల్‌రాడ్ కనిపెట్టిన విషయం ఈ పరీక్షకు ప్రాణం లాంటిది. నరం వదిలిన నార్‌ఎపినెఫ్రిన్‌లో చాలా భాగం వెనక్కి పోగా, రక్తంలోకి ఒలికిన ఆ కాస్త మాత్రమే మన ట్యూబులోకి వస్తుంది. బిందె నిండి పొర్లిన నీళ్లను చూసి కుళాయి ఎంత తిప్పారో లెక్కకట్టినట్టు ఉంటుంది మన పని. పొర్లిన నీళ్లు ఎక్కువగా ఉన్నాయంటే కుళాయి బాగా తిప్పి ఉండొచ్చు, లేదా బిందెలో చోటు లేకపోయి ఉండొచ్చు. అలాగే నార్‌ఎపినెఫ్రిన్ ఎక్కువగా కనిపిస్తే నరాలు గట్టిగా పనిచేస్తూ ఉండొచ్చు, లేదా వెనక్కి లాక్కునే దారిని ఏదో మందు మూసేసి ఉండొచ్చు. రెండో కారణాన్ని మర్చిపోయి మొదటిదే అనుకోవడం వల్ల జరిగే పొరపాట్లే ఎక్కువ.

ఇంకొకటి, రక్తంలోకి వచ్చిన నార్‌ఎపినెఫ్రిన్ ఎక్కువసేపు నిలవదు, రెండు నిమిషాలు అటూ ఇటూగా సగం అయిపోతుంది. కాబట్టి సూది గుచ్చిన భయం, మెట్లెక్కి వచ్చిన ఆయాసం, గదిలో చలి, నిండిన మూత్రాశయం, ఇవన్నీ ఆ క్షణానికి అంకెలో కనబడతాయి. మామూలుగా మనం నిలబడినప్పుడు సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడలోనూ గుండె దగ్గరి పెద్ద ధమనిలోనూ ఉన్న ఒత్తిడి గ్రాహకాలు దాన్ని వెంటనే పసిగట్టి మెదడుకు చెబుతాయి, మెదడు సింపథెటిక్ నరాలను పురమాయిస్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఈ వ్యవస్థ బాగున్న మనిషిలో నిలబడ్డ 5 నిమిషాల్లోనే నార్‌ఎపినెఫ్రిన్ దాదాపు రెట్టింపు అవుతుంది. మనకు కావలసింది ఆ పెరుగుదలే. అందుకే రెండు శాంపిళ్లు.

ముందుగా మందుల సంగతి తేల్చుకోండి

పరీక్ష తేదీ తీసుకున్న రోజే మీరు వేసుకునే ప్రతి మందూ, డోసుతో, వేసుకునే టైముతో సహా ఒక కాగితం మీద రాయండి. జలుబు మాత్రలు, బరువు తగ్గడానికి వాడే పొడులు, మూలికలు, ముక్కులో వేసుకునే చుక్కలు కూడా రాయాలి. ‘అది మందు కాదులే’ అని వదిలేసినదే చాలాసార్లు లెక్క తప్పిస్తుంది. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ అలాంటిదే.

నార్‌ఎపినెఫ్రిన్ వెనక్కి వెళ్లే దారిని మూసేవాటిలో డిప్రెషన్‌కు, నరాల నొప్పికి ఇచ్చే డులోక్సెటిన్, వెన్లాఫాక్సిన్, పాతతరం మందు అమిట్రిప్టిలిన్, ఏకాగ్రత సమస్యకు ఇచ్చే ఆటోమాక్సెటిన్ ముఖ్యమైనవి. వీటితో నిలబడ్డ శాంపిల్ ఎక్కువగా రావడం, గుండె వేగం పెరగడం రెండూ జరుగుతాయి, చూడటానికి అచ్చం జబ్బులాగే ఉంటుంది. మిథైల్‌ఫెనిడేట్ కూడా పెంచుతుంది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు వాడేవాళ్లలోనూ అంకె పెరగొచ్చు. బీపీకి ఇచ్చే క్లోనిడిన్ తగ్గిస్తుంది. పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే లెవోడోపా నేరుగా పైన చెప్పిన డోపా, డోపమిన్ గొలుసు మొదట్లోనే చేరుతుంది కాబట్టి డోపమిన్ అంకె ఆకాశానికి వెళ్తుంది, కొన్ని యంత్రాల్లో మిగతా అంకెలనూ గందరగోళం చేస్తుంది. బీపీకి ఇచ్చే మిథైల్‌డోపా, లాబెటలాల్ కూడా కొలిచే పద్ధతిని బట్టి అడ్డు తగులుతాయి.

ఇప్పుడు నేను చెప్పేది దయచేసి జాగ్రత్తగా చదవండి. వీటిలో ఏ ఒక్కటీ మీ అంతట మీరు ఆపకండి. క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే బీపీ ప్రమాదకరంగా ఎగదన్నుతుంది. బీటా బ్లాకర్ చటుక్కున మానేస్తే గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి తిరగబెట్టొచ్చు. వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా మానితే తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అప్పుడు అది మందు మానడం వల్లనా, జబ్బు వల్లనా అని మళ్లీ అయోమయం. రాసిన డాక్టరును అడిగి ఏది ఆపొచ్చు, ఎన్ని రోజుల ముందు ఆపాలి, నెమ్మదిగా ఎలా తగ్గించాలి అన్నది తెలుసుకోండి. ఆపడం కుదరదంటే ఆ మందు మీదే పరీక్ష చేయించుకోండి, కాకపోతే రిపోర్టు పక్కన ఆ మందు పేరు ఉండేలా చూసుకోండి. మందు తెలిసిన అంకెను డాక్టరు అర్థం చేసుకోగలడు, మందు దాచిన అంకెతో ఎవరూ ఏమీ చేయలేరు.

ముందురోజు పాటించాల్సినవి అంత కష్టమైనవి కావు. కాఫీ, టీ, కోలాలు, చాక్లెట్, సిగరెట్, మద్యం మానేయాలి, కనీసం 12 గంటలు, కుదిరితే 24 గంటలు. బరువైన వ్యాయామం వద్దు. చాలా ల్యాబులు రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మంటాయి. కానీ నీళ్లు తాగడం గురించి తప్పకుండా అడగండి, ఎందుకంటే ఒంట్లో నీళ్లు తగ్గినా, కొన్ని రోజులుగా ఉప్పు బాగా తగ్గించినా నార్‌ఎపినెఫ్రిన్ తనంతట తనే పెరుగుతుంది. విరేచనాలో వాంతులో అవుతుంటే, జ్వరం ఉంటే, ఫోన్ చేసి తేదీ మార్చుకోండి, మొహమాటపడకండి. రాత్రంతా నిద్ర లేకపోయినా చెప్పండి.

గదిలో ఏం జరగాలి

సూది గుచ్చడమే ఒక ఒత్తిడి కాబట్టి గుచ్చిన వెంటనే తీసిన రక్తం పనికిరాదు. ముందు చేతి సిరలో కాన్యులా (సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టి, దాన్ని అలాగే ఉంచి, మీరు వెల్లకిలా పడుకుని కనీసం 20 నిమిషాలు, మేలైన పద్ధతిలో 30 నిమిషాలు, కదలకుండా విశ్రాంతిగా ఉండాలి. గది మరీ చల్లగా, మరీ వేడిగా ఉండకూడదు. ఫోన్ చూడటం, మాట్లాడటం వద్దు. నిద్రపోవడమూ వద్దు, నిద్రలో అంకె పడిపోతుంది. పడుకునే ముందే మూత్రానికి వెళ్లి రండి. ఇది చిన్న మాటలా ఉంటుంది గానీ, నిండిన మూత్రాశయంతో అరగంట పడుకున్నవాళ్ల బీపీ ఎలా పెరుగుతుందో నేను కళ్లారా చూశాను.

ఆ తర్వాత బీపీ, పల్స్ రాసుకుని, కాన్యులా నుంచే మొదటి శాంపిల్ తీస్తారు. గొట్టంలో నిలిచి ఉన్న మొదటి కొంచెం రక్తాన్ని పారేసి తీయాలి. పిడికిలి గట్టిగా బిగించి తెరవమని అంటే మర్యాదగానే వద్దనండి, చేతి కండరాలు పనిచేస్తే ఆ చేతి నుంచి వచ్చే రక్తంలో లెక్క మారుతుంది. మోచేతి మడత దగ్గర తీసే రక్తంలోని నార్‌ఎపినెఫ్రిన్‌లో చెప్పుకోదగ్గ భాగం ఆ ముంజేతి నరాల నుంచే వచ్చి చేరినది. ధమని రక్తంతో కొలిచిన అంకెలనూ సిర రక్తంతో కొలిచినవాటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదని అందుకే అంటారు.

ఇక నిలబడటం. గోడకు ఆనుకోకూడదు, కాళ్లు అటూ ఇటూ వేయకూడదు, పిక్కలు బిగించకూడదు. కాళ్ల కండరాలు కదిపితే కిందికి దిగిన రక్తం పైకి వచ్చేస్తుంది, అప్పుడు పరీక్షించాల్సినదే మాయమవుతుంది. 1, 3, 5, 10 నిమిషాలకు బీపీ, పల్స్ రాస్తారు. ల్యాబు పద్ధతిని బట్టి 5వ నిమిషంలోనో 10వ నిమిషంలోనో రెండో శాంపిల్ తీస్తారు. నిలబడి ఉండగానే తీయాలి. కళ్లు తిరుగుతున్నాయని కూర్చోబెట్టి, నిమిషం ఆగి తీస్తే అది నిలబడ్డ శాంపిల్ కాదు. అలాగని భరించలేని స్థితిలో పంతానికి నిలబడకండి. చూపు మసకబారుతోంది, చెవుల్లో హోరు వస్తోంది, చెమటలు పడుతున్నాయి అంటే ఆ క్షణమే చెప్పండి. నేనైతే అలాంటప్పుడు చేయి కాన్యులా దగ్గరే సిద్ధంగా ఉంచుకుని, ఆ నిమిషంలోనే శాంపిల్ తీసేసి, వెంటనే పడుకోబెట్టి, ఎన్నో నిమిషంలో తీశానో కాగితం మీద రాసేదాన్ని. 10 నిమిషాలు పూర్తి కాలేదని పరీక్ష పాడవదు, ‘4వ నిమిషంలో ఆపాం, బీపీ ఇంత’ అన్న మాట డాక్టరుకు బోలెడు చెబుతుంది. పడిపోయే అవకాశం ఉన్నవాళ్లకు నడుముకు పట్టీలు కట్టి, బల్లను నిలువుగా లేపే టిల్ట్ పరీక్షతో కలిపి చేయడం క్షేమం.

తీసిన రక్తం సంగతి రోగి చేతిలో ఉండదు, కానీ అడిగే హక్కు ఉంది. కాటెకోలమిన్లు గది వేడికి త్వరగా పాడవుతాయి. ట్యూబు ముందే చల్లబరిచి ఉండాలి, రక్తం పడగానే ఐస్‌లో పెట్టాలి, వీలైనంత త్వరగా, అరగంటలోపే, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తంలోని ద్రవం) వేరుచేసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచాలి. తర్వాత హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచేది) పద్ధతిలోగాని, మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువును బట్టి గుర్తించేది) గాని కొలుస్తారు. అంకె లెక్కించేది ఎంత సూక్ష్మంగానో చెప్పాలంటే, ఒక పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. పరీక్ష బుక్ చేసేటప్పుడే ‘పడుకుని ఎంతసేపు ఉంచుతారు, నిలబెట్టి తీస్తారా, ఐస్ మీద పంపుతారా’ అని మూడు ప్రశ్నలు అడగండి. మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే అక్కడ చేయించుకోండి.

రిపోర్టు చేతికొచ్చాక

మొదట యూనిట్ చూడండి. కొన్ని చోట్ల మిల్లీలీటరుకు పికోగ్రాములు రాస్తారు, కొన్ని చోట్ల లీటరుకు నానోమోళ్లు. నార్‌ఎపినెఫ్రిన్‌కు మిల్లీలీటరుకు 1 పికోగ్రాము అంటే లీటరుకు 5.91 పికోమోళ్లు. అంటే 600 పికోగ్రాములు, 3.55 నానోమోళ్లు ఒకటే. ఈ తేడా గమనించక పాత రిపోర్టుతో కొత్తది పోల్చుకుని ‘ఇంత పడిపోయిందేమిటి’ అని బెదిరినవాళ్లు ఉన్నారు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో పడుకున్నప్పటి నార్‌ఎపినెఫ్రిన్ ఎక్కువగా 200, 300 పికోగ్రాముల ప్రాంతంలో ఉంటుంది, నిలబడితే దాదాపు రెట్టింపు. వయసుతో పాటు పెరుగుతుంది. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్లలో మామూలుగానే ఎక్కువ. ల్యాబు ఇచ్చే రేంజి పడుకున్నదానికా, కూర్చున్నదానికా అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి.

తర్వాత అంకెను బీపీతో కలిపి చూడాలి. నిలబడ్డ 3 నిమిషాల్లో పై బీపీ 20 గాని, కింది బీపీ 10 గాని, లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. అలా పడిపోయినప్పుడు నరాలు బాగున్న మనిషిలో పల్స్ గట్టిగా పెరగాలి, నార్‌ఎపినెఫ్రిన్ రెట్టింపు, ఆపైకి వెళ్లాలి. ఒంట్లో నీళ్లు తగ్గి బీపీ పడినవాళ్లలో అదే కనిపిస్తుంది. బీపీ దబ్బున పడిపోయినా పల్స్ పెద్దగా కదలక, నార్‌ఎపినెఫ్రిన్ కూడా ఉన్నచోటే ఉందంటే లోపం నరాల వ్యవస్థలోనే ఉందని అనుమానించాలి.

ఆ లోపం ఎక్కడుందో చెప్పడంలోనే ఈ పరీక్ష అసలు బలం ఉందని నా అభిప్రాయం. ప్యూర్ అటానమిక్ ఫెయిల్యూర్‌లో నరాల కొసలే దెబ్బతింటాయి కాబట్టి పడుకున్నప్పుడే అంకె బాగా తక్కువ, చాలామందిలో 100 దరిదాపుల్లో లేదా అంతకన్నా కింద ఉంటుంది, నిలబడినా లేవదు. మల్టిపుల్ సిస్టమ్ ఆట్రఫీలో నరాల కొసలు చాలావరకు బాగానే ఉంటాయి, ఆజ్ఞ ఇచ్చే మెదడు భాగం దెబ్బతింటుంది. అందుకే పడుకున్నప్పటి అంకె మామూలుగా ఉండి, నిలబడినప్పుడు మాత్రం పెరగాల్సినంత పెరగదు. దీపం బాగానే ఉండి స్విచ్చు పనిచేయకపోవడం ఒకటి, దీపమే మాడిపోవడం మరొకటి. బీపీ పడే పార్కిన్సన్ రోగుల్లో ఎక్కువమంది దీపమే మాడిపోయిన కోవకు దగ్గరగా ఉంటారు. అయితే ఈ గుంపుల అంకెలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, ఒక్క రక్తపరీక్షతో ఎవరికీ మల్టిపుల్ సిస్టమ్ ఆట్రఫీ అని పేరు పెట్టరు, పెట్టకూడదు. నడక, మాట, నిద్ర, మూత్రం, వల్సాల్వా పరీక్ష (ఊపిరి బిగబట్టి ముక్కించి బీపీ, పల్స్ చూసేది), అవసరమైతే గుండె నరాల స్కాన్, అన్నీ కలిపి చూస్తారు.

వయసులో ఉన్నవాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు ఎక్కువగా వచ్చేది పాట్స్ (POTS) అనే, నిలబడితే గుండె వేగం విపరీతంగా పెరిగే సమస్యతో. నిలబడ్డ 10 నిమిషాల్లో పల్స్ 30 లేదా ఎక్కువ పెరగాలి, 12 నుంచి 19 ఏళ్ల వాళ్లకైతే 40, బీపీ మాత్రం పడకూడదు, లక్షణాలు కనీసం 3 నెలలుగా ఉండాలి. వీళ్లలో కొందరికి నిలబడినప్పుడు నార్‌ఎపినెఫ్రిన్ 600 దాటుతుంది, పై బీపీ 10 లేదా ఎక్కువ పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, ఆందోళన ముంచుకొస్తుంది. దీన్ని హైపర్‌అడ్రినర్జిక్ పాట్స్ అంటారు. ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ‘అంతా నీ మనసులోనే’ అని ఎన్నోసార్లు విని విసిగిపోయిన పిల్లలు, ఈ అంకె చూసి కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను. అంకె 600 దాటకపోయినా పాట్స్ పాట్సే, వాళ్ల బాధ నిజమే. ఇది ఆ జబ్బులో ఒక రకాన్ని గుర్తించడానికి పెట్టుకున్న గీత మాత్రమే. 590 వచ్చినవాళ్లకూ 610 వచ్చినవాళ్లకూ మధ్య గోడేమీ లేదు.

అరుదైనవి రెండు మూడు త్వరగా చెప్పేస్తాను. నార్‌ఎపినెఫ్రిన్, ఎపినెఫ్రిన్ దాదాపు కనిపించకుండా డోపమిన్ మాత్రం పెరిగి ఉంటే, డోపమిన్ బీటా హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే లేదని అర్థం. దీనికి డ్రాక్సిడోపా అనే మందు ఉంది, అది ఆ ఎంజైముతో పని లేకుండానే ఒంట్లో నార్‌ఎపినెఫ్రిన్‌గా మారుతుంది, జీవితం మారిపోతుంది. మెడకు రేడియేషన్ లేదా ఆపరేషన్ జరిగినవాళ్లలో ఒత్తిడి గ్రాహకాల దారి తెగితే బీపీ ఒకసారి ఆకాశానికి, ఒకసారి పాతాళానికి వెళ్తుంది, పెరిగినప్పుడు తీసిన రక్తంలో నార్‌ఎపినెఫ్రిన్ 1000 కూడా దాటొచ్చు, కాబట్టి శాంపిల్ ఏ క్షణంలో తీశారన్నదే అక్కడ ముఖ్యం.

పడుకుని ఉన్నప్పుడే అంకె వేలల్లో ఉంటే, బీపీ పోట్లు, తలనొప్పి, చెమటలు కూడా ఉంటే, అడ్రినల్ గ్రంథి గడ్డ ఫియోక్రోమోసైటోమా గురించి ఆలోచించాలి. దానికి సరైన మొదటి పరీక్ష ఇది కాదు, ప్లాస్మా ఫ్రీ మెటానెఫ్రిన్లు (కాటెకోలమిన్లు మారి ఏర్పడే పదార్థాలు) లేదా 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్లు. కాటెకోలమిన్లు గడ్డ నుంచి అప్పుడప్పుడూ వస్తాయి, మెటానెఫ్రిన్లు గడ్డ లోపలే ఎడతెగకుండా తయారవుతుంటాయి కాబట్టి దొరక్కుండా తప్పించుకోవు. అలాగే 24 గంటల మూత్రంలో కాటెకోలమిన్ల పరీక్ష మన పనికి రాదు, రోజంతా కలిపేసిన మూత్రంలో నిలబడిన ఆ 5 నిమిషాలు ఎక్కడ వెతుకుతాం?

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లకండి. పడుకున్న నిమిషాలు, నిలబడ్డ నిమిషాలు, ప్రతిసారి రాసిన బీపీ, పల్స్, అప్పుడు మీకు కలిగిన లక్షణాలు, మందుల కాగితం, అన్నీ కలిపి ఫైలులో పెట్టుకోండి. గదిలో ఈ వివరాలు రాసిన షీటుకు కాపీ అడిగితే ఇస్తారు, చాలామంది అడగరు. అంకె లక్షణాలతో పొసగకపోతే, ఉదాహరణకు నిలబడినప్పుడు పల్స్ 45 పెరిగి నార్‌ఎపినెఫ్రిన్ మాత్రం పడుకున్నప్పటికంటే తగ్గినట్టు వస్తే, కొత్త జబ్బు వెతకడం కన్నా ముందు రెండు ట్యూబులు తారుమారయ్యాయా, రెండోది ఐస్‌లో పెట్టడం ఆలస్యమైందా అని అడగండి. మళ్లీ చేయించాల్సి వస్తే అదే ల్యాబులో, రోజులో అదే సమయానికి, అవే నిమిషాల లెక్కతో చేయించండి.